నాలుగు తీగల మోత

డిస్కో మావయ్య బతికుండగానే ఆయన గురించి రాయడం ఏమిటని ఇంట్లో ఒకరిద్దరు అడిగారు. పోయాక రాస్తే మంచి మాత్రమే రాయాలి. అంత కల్పనాశక్తి నాకు లేదు.

ఆయన మాకు దూరపు వరసలో మావయ్య. డిస్కో పాటలు ఊరిని ఊపేసిన రోజుల్లో బేస్ గిటారు వాయించాడు, ఆ తర్వాత రికార్డులు తయారుచేసే ప్రొడ్యూసర్ అయ్యాడు. ఊళ్ళో సగం మంది నడుములు తిరిగింది తన వల్లేనని ఇప్పటికీ చెబుతాడు. మిగతా సగం మంది ఎలా తప్పించుకున్నారో ఎవరూ అడగరు. ఆయనకు ఒక అక్క ఉంది. ఆవిడను మేం పెద్దమ్మ అంటాం. ఈ కథ మావయ్యదే. కానీ ఆయన పైకి రావడంలో అణగిపోయింది పెద్దమ్మ గొంతు గనక, ఆవిడ లేకుండా ఇది నడవదు.

బేస్ గిటారు అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. దానికి నాలుగే తీగలు, లావుగా ఉంటాయి. పాటలో అది ఇంటికి పునాది లాంటిది. మోగుతున్నంతసేపు దాని మీద ఎవరి ధ్యాసా ఉండదు. ఆగిపోతే మాత్రం కాళ్ళ కింద నేల లేనట్టు అనిపిస్తుంది. అలాంటి వాద్యం పట్టుకున్నవాడికి కాస్త అణకువ అలవడాలి. మావయ్య పునాదిని తీసుకెళ్ళి ఇంటి కప్పు మీద పెట్టి, అందరూ చూడండహో అన్నాడు.

వాళ్ళ అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. పెద్దమ్మ కోట్లు కుట్టే కార్ఖానాలో కాలర్ల పని చేసి తమ్ముణ్ణి పెంచింది. ఆ కార్ఖానాలో కుట్టుమిషన్లు బారుగా ఉండేవి. అందరి కాళ్ళూ ఒక్క ఊపున పడాలంటే ఎవరో ఒకరు పాడాలి. పాడేది పెద్దమ్మే. ఆవిడ పాట ఎత్తుకుంటే తగాదా పడ్డవాళ్ళు కూడా ఒకే లయలో తొక్కేవాళ్ళట. మేస్త్రీ కూడా వాకిట్లో నిలబడి, పాట అయ్యేదాకా లోపలికి వచ్చేవాడు కాదట. ఆ మేస్త్రీని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గౌరవమే.

తమ్ముడు వీధి చివర వాయించే కుర్రాళ్ళ జట్టులో చేరాడు. అక్కడ గిటారు వాయించేవాడు ముందే ఉన్నాడు, డ్రమ్ములు వాయించేవాడూ ఉన్నాడు. ఎవరికీ అక్కర్లేని బేస్ ఈయనకు దక్కింది. "అదృష్టం నన్నే ఎంచుకుంది" అని తర్వాత చాలాసార్లు అన్నాడు. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, కుర్చీ నన్ను పిలిచింది అన్నట్టు ఉంటుంది ఆ మాట. వేళ్ళలో వరం ఉందని మాత్రం ఒప్పుకోవాలి. దేవుడు వరం ఇచ్చేటప్పుడు మనిషి గుణం చూడడు. చూసి ఉంటే ఈయనకు ఈల వేయడం కూడా వచ్చేది కాదు.

ఒక పెద్ద హోటలు కింద అంతస్తులో డ్యాన్సు హాలు ఉండేది. పైన అద్దాల బంతి తిరుగుతూ గోడల నిండా చుక్కలు చల్లేది. మావయ్య తళుకుల చొక్కా, ఎత్తు మడమల బూట్లు వేసుకుని వేదిక మీద అందరికన్నా ముందు నిలబడేవాడు. బేస్ వాయించేవాడు వెనకాల డ్రమ్ముల పక్కన ఉండాలి, ఆ రెండూ ఒక్క గుండెలా కొట్టుకోవాలి. ఈయన డ్రమ్ములాయనకు వీపు చూపించి, పాడే అమ్మాయి ముందు అడ్డంగా నిలబడేవాడు. ఆవిడ పల్లవి ఎత్తుకోగానే ఈయన కాలితో తన స్పీకరు మోత పెంచేవాడు.

ఆ హాల్లో వచ్చినవాళ్ళ కోట్లు, గొడుగులు దాచిపెట్టే ఆవిడ ఒకతె ఉండేది. మావయ్య చొక్కాకి తళుకులు ఊడిపోతే అడక్కుండానే సూదీ దారం తెచ్చి, ఆయన ఒంటి మీదే కుట్టిపెట్టేది. ఆయన ఆవిడను పిలిచే పిలుపు "ఏయ్". ఒకసారి పెద్దమ్మ హాలుకు వచ్చినప్పుడు ఆవిడతో, "మా వాడి చొక్కా మీరే కుడుతున్నారటగా, కుట్టు చూస్తేనే తెలుస్తోంది, బాగా చేయి తిరిగిందండీ మీకు" అంది. ఆ మాటకు ఆవిడ కళ్ళు తుడుచుకుందట. ఆ హాల్లో అంతకాలం పనిచేసినా ఆవిడ చేతిని మెచ్చుకున్నది బయటి మనిషే.

తర్వాత మావయ్య ప్రొడ్యూసర్ అయ్యాడు. రికార్డుల దుకాణం యజమానికి సొంతంగా పాటలు అచ్చు వేయించాలని సరదా పుట్టింది. వాయించేవాళ్ళలో ఎక్కువ మాట్లాడేవాడు ఈయనే గనక, ఎక్కువ తెలిసినవాడు కూడా ఈయనే అనుకున్నాడు పాపం. ప్రొడ్యూసర్ అంటే ఎవరు ఎప్పుడు వాయించాలో, ఏది ఉంచాలో, ఏది తీసేయాలో నిర్ణయించేవాడు. ఉంచడం మావయ్యకు పెద్దగా చేతకాలేదు. తీసేయడం బాగా వచ్చింది. అందరూ వాయించి ఇళ్ళకు వెళ్ళాక వాళ్ళ ముక్కలు చెరిపేసి, ఆ చోట తన బేస్ పెట్టుకునేవాడు. వయొలిన్ ఆయన తన కొత్త రికార్డు కొనుక్కుని, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి వినిపిస్తే, అందులో వయొలిన్ లేదు. "మీరు వాయించేటప్పుడు స్పీకరు పాడైందేమో" అని ఆయన భార్యే ఊరడించిందట. వాయించేవాళ్ళు మావయ్యకు పెట్టిన పేరు రబ్బరు. "ఇవాళ రబ్బరు దగ్గర పనుందిరా, చిన్న ముక్కే వాయిద్దాం, ఎలాగూ ఉండదు" అనుకునేవాళ్ళు.

ఇక పెద్దమ్మ పాట సంగతి.

కార్ఖానాలో ఆవిడ పాడే పాట ఒకటి మావయ్యకు నచ్చింది. మేడ మీద బట్టలారేసే పిల్లను గురించి. ఎవరు కట్టారో తెలియదు, మిషన్ల మధ్య పుట్టిన పాట. దాని నడక పెంచి, డిస్కో దెబ్బ వేసి రికార్డు చేద్దామన్నాడు. పెద్దమ్మనే పాడమన్నాడు. పాడినందుకు ఎవరికీ ఏమీ ఇచ్చుకోనక్కర్లేదని పాపం ఆయన ఆలోచన. ఆవిడ మాత్రం కార్ఖానాలో సెలవు పెట్టి, తల దువ్వుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చింది.

ఆ స్టూడియో ఒకప్పుడు ఐసు తయారుచేసే గది. గోడలకు పాత పరుపులు నిలబెట్టి మేకులు కొట్టారు. పాడేవాళ్ళకు మూలన ఒక చెక్క గది ఉండేది, తలుపు చెమ్మకు ఉబ్బిపోయి సరిగ్గా పడేది కాదు, లోపల గాలి ఆడేది కాదు. డ్రమ్ములాయన బొద్దుగా ఉండే మనిషి. పెద్దమ్మ అందులో నిలబడి చెమటలు కక్కడం చూశాడు.

"అమ్మా, ఆ పెట్టెలో ఎందుకు ఉడికిపోతారు? ఇట్రండి, నా పక్కన నిలబడండి. ఫ్యాను ఇక్కడుంది."

"వద్దులే నాయనా, మీ పనికి అడ్డం."

"అడ్డమేం లేదు. నేను కర్ర ఎత్తినప్పుడు మీరు ఊపిరి తీసుకోండి. ఇద్దరం కలిసే వెళ్దాం."

మావయ్య టేపు యంత్రం ఉన్న గది అద్దం అవతలి నుంచి అరిచాడు. "ఒరేయ్, ఆవిడ గొంతు నీ డ్రమ్ముల మైకుల్లోకి దూరుతుందిరా!"

"దూరనీ అన్నా. ఆవిడ సొమ్మసిల్లితే పాటే ఉండదు."

డ్రమ్ములాయన తన పక్కన కాస్త చోటు చేసి, ఆవిడకు మైకు పెట్టించాడు. టేపు యంత్రం దగ్గర ఉండే పెద్దాయన, మేం టేపాయన అంటాం, ఒక గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఆవిడ చేతికి అందించాడు. ఆవిడ పాడింది.

"మేడ మీద బట్టలారేసే పిల్లా, గాలికి చెప్పవే నెమ్మదిగా రమ్మని."

టేపాయన మొన్నమొన్న నాతో అన్నాడు, ఆ గదిలో అంతకుముందు ఎందరో పాడారు గానీ, పాట అయ్యాక డ్రమ్ములాయన కర్రలు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుండిపోవడం ఆ ఒక్కరోజే చూశానని. మావయ్య ఏమన్నాడని అడిగాను. "బేస్ సరిగ్గా వచ్చిందా అని అడిగాడు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న స్టూడియోలో ఇద్దరే ఉన్నారు, మావయ్యా, టేపాయనా. ఆ టేపు మీద ఎనిమిది దారులుంటాయి. ఒక్కో వాద్యం ఒక్కో దారిలో పడుతుంది, ఆ దారినే ట్రాక్ అంటారు. ఒక దారిలో కొత్తగా వాయిస్తే అందులో అంతకుముందు ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది, మళ్ళీ రాదు. అప్పటికి ఎనిమిదీ నిండిపోయాయి. మావయ్య పాటంతా విని పెదవి విరిచాడు.

"ఏదో తక్కువైంది."

"ఏం తక్కువైందయ్యా?"

"బేస్."

"ఉందిగా. నా పళ్ళు కదులుతుంటేనూ."

"ఇంకోటి కావాలి. దాని మీద ఇంకోటి, గరగరలాడుతూ."

టేపాయన ఒక ఉపాయం చెప్పాడు. "గిటారునీ పియానోనీ ఒకే దాంట్లోకి కలిపేస్తాను. ఒకటి ఖాళీ అవుతుంది. మీరు టీ తాగొచ్చేలోపు అయిపోతుంది."

"టీ తాగొచ్చేసరికి నా చేతి వేడి చల్లారిపోతుంది. గొంతు మీద వాయిస్తా."

"మీ అక్కగారి గొంతు మీదా?"

"డ్యాన్సు చేసేవాడు గొంతు వింటాడయ్యా? కాళ్ళతో వింటాడు వాడు."

"ఆవిడను ఒకమాట అడగండి."

"నేను చెప్తాలే. నువ్వు బటన్ నొక్కు."

"నా చేత్తో నొక్కను."

"అయితే జరుగు."

మావయ్యే నొక్కాడు. ఒక చేత్తో ఎర్ర బటన్ నొక్కి, ఆ చేత్తోనే తీగ మీటాడు. అక్క పాట ఉన్నంతసేపు వాయించాడు. చెల్లెలి జడ లాగి నవ్వే వయసులో పిల్లలు ఇలాంటి పనులు చేస్తారు, వాళ్ళకు మనం బుద్ధి చెబుతాం. ఈయనకు చెప్పేవాళ్ళు లేకపోయారు. చెప్పాల్సిన మనిషి ఆ సమయానికి కాలర్లు కుడుతోంది.

సాయంత్రం ఆవిడ పని నుంచి నేరుగా స్టూడియోకి వచ్చింది.

"ఎలా వచ్చిందిరా?"

"ఏం చెప్పమంటావక్కా. మామూలుగా వింటే నీ గొంతు బాగానే ఉంటుంది. టేపు మీదకు వచ్చేసరికి పీలగా, పగిలిపోయి... అసలు పడలేదు అనుకో. నలుగురూ నవ్వుతారని, నీ పరువు కోసమే తీసేశాను."

నీ పరువు కోసమే. ఈ మాట రాసేటప్పుడు నా కలం కూడా కాస్త వెనక్కి తగ్గింది.

"పోనీలేరా. నా వల్ల నీ పాట పాడవకుండా చూశావు, అంతే చాలు" అంది పెద్దమ్మ. వెళ్తూ వెళ్తూ, అందరినీ ఇబ్బంది పెట్టానని టేపాయనకు దణ్ణం కూడా పెట్టింది. ఆయన తలెత్తి చూడలేకపోయాడట.

ఆవిడ ఆ తర్వాత పాడలేదు. కార్ఖానాలో వాళ్ళు, "ఏంటక్కా, మూగనోము పట్టావా?" అని వేళాకోళం చేసేవాళ్ళు. "మీ చెవులు చల్లగా ఉండాలనేలే" అనేది నవ్వుతూ. కొన్నాళ్ళు మిషన్లు తలో దిక్కుగా నడిచి, చివరికి ఎవరో రేడియో తెచ్చి పెట్టారు. వారం వారం ప్రార్థనకు వచ్చినా పెదవులు కదిపేదే తప్ప గొంతు బయటికి వచ్చేది కాదు. పక్కన నిలబడేదాన్ని గనక నాకు తెలుసు. అందరూ గొంతెత్తి దేవుణ్ణి పిలుస్తుంటే, ఆవిడ తన పిలుపు ఆయనకు ఇబ్బంది అన్నట్టు నిలబడేది.

గొంతు లేని ఆ పాట రికార్డు బాగా అమ్ముడుపోయింది. అట్ట మీద మావయ్య ఒక్కడే, గిటారు తొడ మీద ఆనించుకుని, ఎవరో అప్పుడే పిలిచినట్టు పక్కకు చూస్తూ. పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేయించాడంటే, పాట పేరు పట్టడానికి చోటు చాలక చిన్నదైపోయింది. డ్రమ్ములాయన పేరు లేదు. టేపాయన పేరు లేదు.

డిస్కో రోజులు పోయాయి. హోటలువాళ్ళు అద్దాల బంతి విప్పేసి, ఆ హాల్లో మంచాలు, బీరువాలు అమ్ముకున్నారు. జనానికి చెవులు పోయాయన్నాడు మావయ్య. సబ్బులకు, పళ్ళపొడికి ప్రకటనల సంగీతం చేశాడు. పళ్ళపొడి పాటలోనూ బేస్ ఎంత గట్టిగా పెట్టాడంటే పళ్ళపొడి పేరు వినపడలేదు, వాళ్ళు మళ్ళీ పిలవలేదు. తర్వాత గిటారు పాఠాలు మొదలుపెట్టాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు గిటారు ఒళ్ళో పెట్టుకుని ఆయన పాత రోజుల కథలు విని వెళ్ళేవాళ్ళు. ఇల్లు నడిచింది ఆయన భార్య, మా అత్తయ్య, నడిపే ఇస్త్రీ దుకాణం మీద. ఆయన తళుకుల చొక్కాలు మాత్రం అన్నిటికన్నా ముందు ఇస్త్రీ కావాలి.

"ఎవరొస్తున్నారని ఈ చొక్కా?" అనేది అత్తయ్య.

"ఎప్పుడు ఎవరొస్తారో ఏం తెలుసు?"

"అవును మరి, ఆ అద్దాల బంతి కాళ్ళొచ్చి నడుచుకుంటూ రావచ్చు."

చివరికి ఎవరో రానే వచ్చారు. పాత రికార్డులు ఏరి కొత్తగా అచ్చు వేయించే ఒక అమ్మాయి. జుట్టు కత్తిరించుకుని, సైకిల్ మీద తిరిగే పిల్ల. చెత్త సామాన్ల దుకాణంలో ఈ రికార్డు దొరికిందట, విని ముచ్చట పడిందట. అసలు టేపు దొరికితే ట్రాకులు విడివిడిగా విని, శుభ్రం చేసి మళ్ళీ అచ్చు వేస్తానంది. మావయ్య ఆ అమ్మాయికి కుర్చీ కూడా చూపించకుండా తన జీవితం మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఎండలో వచ్చిందని అత్తయ్యే చూసి నీళ్ళు ఇచ్చింది.

టేపు టేపాయన ఇంట్లో ఉంది. స్టూడియో మూసేసినప్పుడు యంత్రంతో సహా అన్నీ తన మంచం కింద, గోడల వెంట సర్దుకున్నాడు. పాత టేపులు జిగురెక్కి యంత్రానికి అతుక్కుపోతాయి. వాటిని సన్నని వేడి మీద కొంతసేపు ఉంచితే కొన్నాళ్ళు ఆడించుకోవచ్చు. ఆయన ఒక చెక్కపెట్టెలో బల్బులు అమర్చి, టేపును అందులో ఉంచి, పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాడు. తర్వాత ఒంటరిగా ఆడించి, ఒక్కో ట్రాకూ విడిగా విన్నాడు. డ్రమ్ముల ట్రాకు దగ్గరికి వచ్చేసరికి యంత్రం ఆపేశాడు. మళ్ళీ పెట్టాడు. డ్రమ్ముల వెనకాల, దూరంగా, ఒక గొంతు ఉంది.

ఆయన పెద్దమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, రేపు మీ తమ్ముడూ, ఆ రికార్డుల అమ్మాయీ మా ఇంటికి వస్తున్నారు. మీరూ ఒకసారి రండి. నేనేం చెప్పను, మీరే వినండి."

పెద్దమ్మను నేనే తీసుకెళ్ళాను. ఇరుకు మెట్లు. ఒక్కో మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. పైన గదిలో యంత్రం, దాని ముందు ట్రాకుకొక మీట చొప్పున బారుగా ఉన్న బల్ల, గోడకు ఆనించిన రెండు స్పీకర్లు. మావయ్య ఆ బల్ల ముందు తళుకుల చొక్కాలో కూర్చుని ఉన్నాడు. అక్కను చూసేసరికి ముఖం మారింది.

"నువ్వెందుకొచ్చావక్కా? ఆ మెట్లెక్కి?"

"ఆయన పిలిచాడురా."

"నీకిక్కడ ఏముంటుంది? చెవులు పగిలే మోత. కింద కూర్చో, టీ పంపిస్తా."

"నీ మోత నాకు కొత్తా? కూర్చుంటాలే."

రికార్డుల అమ్మాయి లేచి తన కుర్చీ ఆవిడకు వేసింది. టేపాయన టేపు పెట్టాడు. చక్రాలు తిరిగాయి. ముందు డ్రమ్ములు వచ్చాయి. పల్లవి దగ్గర పడుతుండగా మావయ్య చెయ్యి మెల్లగా బేస్ మీట మీదకు పోయింది. రెండు బేస్‌లనూ పైకి నెట్టాడు. గదిలో కిటికీ అద్దాలు గడగడలాడాయి. గొంతు డ్రమ్ముల మైకుల్లోకి దూరుతుందని ఆ రోజు అరిచినవాడే గనక, అందులో ఏముందో ఆయనకు తెలుసని అప్పుడు నాకర్థమైంది. తెలిసే కప్పేస్తున్నాడు. అప్పుడెప్పుడో చెరిపింది చాలక, ఇప్పుడు మిగిలిన పొట్టును కూడా ఊదేయాలని చూస్తున్నాడు.

"సార్, కాస్త తగ్గించండి, డ్రమ్ముల్లో ఏదో ఉంది" అంది రికార్డుల అమ్మాయి.

"ఏం లేదు, అదంతా గదిలో గోల."

పెద్దమ్మ తల పక్కకు వంచి వింటోంది. మిషన్ల రొదలో ఏ మిషను సూది విరిగిందో వినిపట్టే చెవులవి. టేపాయన వైపు తిరిగింది.

"నాయనా, మా వాడి మోత పూర్తిగా తీసేయ్."

"అక్కా, బేస్ తీసేస్తే పాటలో ఏముంటుంది?"

"అదే చూద్దాం."

టేపాయన బల్ల దగ్గరికి వచ్చాడు. మావయ్య చెయ్యి మీట మీదే ఉంది. "జరగండి" అన్నాడు టేపాయన. అంతే అన్నాడు, మెల్లగానే అన్నాడు. మావయ్య చెయ్యి తీశాడు.

టేపాయన ఒక్కోటీ దించాడు. బేస్, ఇంకో బేస్, గిటారు, పియానో. డ్రమ్ములు మాత్రం మిగిలాయి. వాటి వెనక, నూతిలోంచి పిలిచినట్టు, ఒక వయసులో ఉన్న ఆడగొంతు.

"మేడ మీద బట్టలారేసే పిల్లా..."

పీలగా లేదు. పగిలిపోలేదు. అంత దూరం నుంచి, అన్ని డ్రమ్ముల మధ్య నుంచి, ఎవరి సాయం లేకుండా నిటారుగా వస్తోంది.

పెద్దమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ఇది నేనే కదరా" అంది.

"ఎవరో కోరస్ అమ్మాయి అయ్యుంటుందక్కా. అప్పట్లో బోలెడుమంది వచ్చేవాళ్ళు" అన్నాడు మావయ్య.

 టేపులోని గొంతు చరణంలోకి వెళ్ళేసరికి, పెద్దమ్మ కూడా దానితో కలిసి ఎత్తుకుంది. ముసలి గొంతు, వణుకుతోంది. అయినా మాటకు మాట, మలుపుకు మలుపు పక్కపక్కనే నడిచాయి. ఇద్దరూ ఒకరేనని చెప్పడానికి ఇంక ఎవరూ అక్కర్లేదు. రికార్డుల అమ్మాయి ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. అత్తయ్య ఎప్పుడు మెట్లెక్కి వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

పాట అయిపోయింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

"చూడరా" అంది పెద్దమ్మ. "నాకేం అక్కర్లేదు. పడిందక్కా అని ఒక్క మాట అను, చాలు."

మావయ్య చొక్కా చేతులు సర్దుకున్నాడు. "అప్పట్లో యంత్రాలు అలాంటివక్కా. ఏది పడేదో ఏది పడేది కాదో చెప్పలేం."

"యంత్రాన్ని ఎందుకంటారు, అదేమన్నా అడ్డం చెప్పగలదా?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

 ఎంత చిన్న మాట అడిగింది ఆవిడ! తన బతుకంతా ఆవిడ వీపు మీద ఎక్కి వచ్చినవాడు, ఆ ఒక్క మాట కిందికి దించలేకపోయాడు. పాపాత్ముల్ని కూడా ప్రేమించమని చిన్నప్పుడు మాకు నేర్పారు. ప్రయత్నిస్తున్నాను. ఇలాంటి నీచుల్ని ప్రేమించడం పాపాత్ముల్ని ప్రేమించడం కన్నా కష్టం.

రికార్డుల అమ్మాయి, "అమ్మా, మీకు ఇష్టమైతే ఒకవైపు ఇలాగే, డ్రమ్ములూ మీ గొంతూ మాత్రమే వేస్తాను" అంది.

"అమ్మాయ్, దాన్ని ఎవరు కొంటారు?" అన్నాడు మావయ్య.

"నేను ఆవిడను అడిగానండీ."

"వెయ్యమ్మా" అంది పెద్దమ్మ.

"పాడినవారు ఎవరని రాయను?"

"స్టూడియో బృందం అని రాసెయ్" అన్నాడు మావయ్య.

"కోట్లు కుట్టే ఆవిడ అని రాయి" అంది పెద్దమ్మ. "డ్రమ్ములాయన పోయారు, ఆయన పేరు మాత్రం తప్పకుండా వెయ్యి. నాకు ఫ్యాను దగ్గర చోటిచ్చాడు."

రికార్డు వచ్చింది. రెండోవైపు పాటే జనం ఎక్కువగా విన్నారు. కొత్త కుర్రాళ్ళు డ్యాన్సు కూడా చేస్తున్నారట దానికి, కాళ్ళతోనూ చెవులతోనూ. మావయ్యను రేడియోవాళ్ళు పిలిచారు. ఒక ఆదివారం పొద్దున్న పెద్దమ్మ ఇంట్లో కూర్చుని విన్నాం.

"గొంతును అలా డ్రమ్ముల వెనక, పొగమంచులో ఉన్నట్టు పెట్టాలన్న ఆలోచన మీకెలా వచ్చింది?" అని అడిగింది రేడియో అమ్మాయి.

"అది నా సొంత పద్ధతి" అన్నాడు మావయ్య. "గొంతును ముందు పెట్టడం ఎవరైనా చేస్తారు. దాచిపెట్టి వినిపించడం ప్రొడ్యూసర్ పని. ఆ రోజుల్లో ఎవరికీ అర్థం కాలేదు. కాలం కన్నా ముందున్నాను."

 పెద్దమ్మ రేడియో కట్టేయలేదు, వింటోందో లేదో కూడా తెలియలేదు. ఇంతలో ఫోన్ మోగింది. అత్తయ్య.

"వదినా, విన్నారా ఆయన వాగుడు? ఇస్త్రీపెట్టె వేడిగానే ఉంది, ఇంటికి రానివ్వండి!"

"వాడి సంగతి వదిలెయ్ అమ్మాయ్" అంది పెద్దమ్మ. "నువ్వు ఆ రికార్డు మళ్ళీ విన్నావా? పల్లవిలో నేను ఊపిరి తప్పు చోట తీసుకున్నాను. 'గాలికి' అన్నచోట ఆగిపోయాను, చూడు. డ్రమ్ములాయన కర్ర ఎత్తాడు, నేను చూసుకోలేదు. అక్కడ ఆగకూడదు. ఉండు, ఎలా ఉండాలో చెప్తా."

ఫోన్ చెవి దగ్గర నుంచి కాస్త దూరంగా పట్టుకుంది. గొంతు సవరించుకుంది. రేడియోలో మావయ్య ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"గాలికి చెప్పవే నెమ్మదిగా రమ్మని" అని ఒక్క ఊపిరిలో పాడి, "ఇలాగన్నమాట" అంది.